ప్లేటు అడుగున బంగారు చుక్క: బతికున్న కణాలను కరెంటుతో చదవడం ఎలా

క్లుప్తంగా

ల్యాబ్‌లో పెంచే కణాలను రంగు వేయకుండా, ప్లేటు నుంచి ఊడదీయకుండా రోజుల తరబడి గమనించే పద్ధతుల్లో ఇంపెడెన్స్ కొలత ఒకటి. చాలా చిన్న ఏకాంతర విద్యుత్తును కణాల మీదుగా పంపి, దానికి ఎంత అడ్డు తగిలిందో చూస్తారు. ఈ అంకె కణాల సంఖ్యను నేరుగా చెప్పదు. అవి ఎంత పరుచుకున్నాయో, అడుగుకు ఎంత అంటుకున్నాయో, పక్క కణాలతో ఎంత బిగువుగా కలిశాయో చెబుతుంది. గ్రాఫులను తప్పుగా చదవడానికి చాలాసార్లు ఈ తేడా మరిచిపోవడమే కారణం.

చూడాలంటే చంపాల్సి రావడం

కణాలు ఎలా ఉన్నాయో తెలుసుకోవడానికి ఎక్కువగా వాడే పరీక్షలు ఆ కణాలను మళ్లీ వాడుకోనివ్వవు. ట్రిపాన్ బ్లూ పరీక్ష చేయాలంటే ప్లేటుకు అంటుకున్న కణాలను ట్రిప్సిన్ అనే ఎంజైమ్‌తో ఊడదీసి, నీలి రంగు కలిపి, మైక్రోస్కోపు కింద లెక్కపెట్టాలి. రంగును లోపలికి రానిచ్చినవి చనిపోయినట్టు, రానివ్వనివి బతికున్నట్టు. 1983లో టిమ్ మోస్మాన్ ప్రకటించిన ఎంటీటీ పరీక్షది మరో దారి. బతికున్న కణాలు ఒక పసుపు రసాయనాన్ని ఊదారంగు స్ఫటికాలుగా మారుస్తాయి. ఆ స్ఫటికాలను కరిగించి రంగు గాఢతను కొలిచేసరికి ఆ కణాల పని అయిపోతుంది. రెండూ మంచి పరీక్షలే, చవకైనవే. కానీ రెండూ ఇచ్చేది ఒక్క క్షణపు ఫోటో. 6, 12, 24, 48 గంటల దగ్గర ఏం జరిగిందో కావాలంటే నాలుగు వేర్వేరు ప్లేట్లు పెంచాలి. అప్పుడు కూడా ఒకే కణాల కథ నాలుగుసార్లు విన్నట్టు కాదు, నాలుగు గుంపుల కథలను ఒకటిగా కుట్టినట్టు.

ఫ్లోరోసెంట్ మైక్రోస్కోపుతో అవే కణాలను వరసగా చూడవచ్చు. అయితే మెరిసే రంగు కణంలోకి వెళ్లాలి, దాని మీద పదేపదే బలమైన వెలుగు పడాలి. ఆ వెలుగే కణాన్ని దెబ్బతీయవచ్చు.

మధ్యలో ఏం జరిగిందో చూడకపోతే ఏం పోతుందో అర్థం కావడానికి రక్తనాళాల లోపలి గోడను కప్పి ఉండే ఎండోథీలియల్ కణాలను తీసుకోవచ్చు. రక్తం గడ్డకట్టడంలో పాత్ర ఉన్న థ్రాంబిన్ తగిలితే ఈ కణాలు నిమిషాల్లో ముడుచుకుంటాయి, వాటి మధ్య సందులు తెరుచుకుంటాయి. కొద్ది గంటల్లో మళ్లీ పరుచుకుని సందులు మూసుకుంటాయి. మర్నాడు ఎంటీటీ పరీక్ష చేస్తే కణాలన్నీ బతికే ఉంటాయి, అసలేమీ జరగనట్టే కనిపిస్తుంది. నిజానికి జరిగింది చాలా ముఖ్యమైనది: నాళపు గోడ కాసేపు కారింది. శరీరంలో వాపు మొదలయ్యే తీరు ఇదే. ఇలాంటి సంఘటనకు ఫోటో చాలదు, తెగని గీత కావాలి.

పొర ఒక కెపాసిటర్

కణానికీ కరెంటుకీ సంబంధం కొత్తగా కనిపెట్టింది కాదు. 1910 ప్రాంతంలో రుడాల్ఫ్ హ్యోబర్ ఎర్ర రక్తకణాల మీద చేసిన ప్రయోగాల్లో ఒక వింత బయటపడింది. తక్కువ పౌనఃపున్యంలో కణాలు కరెంటును దాదాపు అడ్డుకుంటాయి. పౌనఃపున్యం బాగా పెంచితే అవే కణాల లోపలి ద్రవం మంచి వాహకంలా పనిచేస్తుంది. అంటే కణం లోపల ఉప్పునీరు లాంటి ద్రవం ఉంది, దాని చుట్టూ కరెంటును ఆపే పొర ఉంది.

1925లో హ్యూగో ఫ్రికీ ఆ పొరను ఇంకా నిశితంగా కొలిచాడు. కుక్క ఎర్ర రక్తకణాల పొర కెపాసిటెన్స్ చదరపు సెంటీమీటరుకు 0.81 మైక్రోఫారడ్ అని తేల్చి, దాన్నుంచి పొర మందం సుమారు 3.3 నానోమీటర్లు ఉండాలని లెక్కగట్టాడు. పొరను కంటితో చూపించగల ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు అప్పటికి లేదు. ఎవరూ చూడని పొర మందాన్ని కరెంటు కొలతతో ఊహించడం, ఆ ఊహ ఈనాటి విలువకు ఇంత దగ్గరగా ఉండటం ఆశ్చర్యం కలిగించే సంగతి.

దీని వెనక ఉన్న పని తీరు కష్టమైనదేమీ కాదు. కెపాసిటర్ అంటే రెండు వాహకాల మధ్య ఒక పలచని అవాహకం. కణం బయటి ద్రవం ఒక వాహకం, లోపలి ద్రవం ఇంకో వాహకం, మధ్యలో ఉన్న కొవ్వు పొర అవాహకం. కెపాసిటర్ నెమ్మదిగా మారే కరెంటును ఆపుతుంది, వేగంగా మారేదాన్ని పోనిస్తుంది. చదరపు సెంటీమీటరుకు 1 మైక్రోఫారడ్ ఉన్న పొర 100 హెర్ట్జ్ దగ్గర సుమారు 1,600 ఓమ్‌ల అడ్డు పెడుతుంది. 4,000 హెర్ట్జ్ దగ్గరకు వచ్చేసరికి అది 40 ఓమ్‌లకు పడిపోతుంది. పొర అదే, ప్రశ్న అడిగే వేగం మారింది. అందుకే ఈ రంగంలో ఎంత ఇంపెడెన్స్ వచ్చిందన్న మాటకు, ఏ పౌనఃపున్యం దగ్గర అన్నది తోడు లేకపోతే అర్థం ఉండదు.

చిన్న ఎలక్ట్రోడ్‌తో కుదిరిన పని

పొర గురించి ఇంత తెలిసినా, ప్లేటుకు అంటుకుని పెరిగే కణాలను దాని ఆధారంగా గమనించడానికి ఇంకో 60 ఏళ్లు పట్టింది. అడ్డంకి కణాల్లో లేదు, వాటిని ముంచి ఉంచే ద్రవంలో ఉంది. పెద్ద ఎలక్ట్రోడ్ పెడితే కొలతలో ఎక్కువ భాగం ద్రవం నిరోధమే అవుతుంది, కణాల సంకేతం అందులో మునిగిపోతుంది.

దారి చూపించినవారు జనరల్ ఎలక్ట్రిక్ పరిశోధకులు ఐవర్ గయేవర్, చార్లెస్ కీస్. సూపర్‌కండక్టర్లలో ఎలక్ట్రాన్ టనలింగ్ మీద చేసిన పనికి 1973లో భౌతికశాస్త్ర నోబెల్ పంచుకున్న గయేవర్, అప్పటికే జీవశాస్త్రం వైపు మళ్లాడు. కణాలను నేరుగా బంగారు ఎలక్ట్రోడ్ మీదే పెంచి, వాటి కదలికను విద్యుత్తుతో పట్టుకోవచ్చని వీళ్లిద్దరూ 1984లో ప్రకటించారు. తర్వాత ఈ పద్ధతికి ఈసీఐఎస్ (ఎలక్ట్రిక్ సెల్-సబ్‌స్ట్రేట్ ఇంపెడెన్స్ సెన్సింగ్) అన్న పొట్టిపేరు స్థిరపడింది.

కిటుకంతా ఎలక్ట్రోడ్ సైజులో ఉంది. లోహానికీ ద్రవానికీ మధ్య ఉండే అడ్డు ఎలక్ట్రోడ్ వైశాల్యాన్ని బట్టి మారుతుంది. చుట్టూ ఉన్న ద్రవం అడ్డు మాత్రం ఎలక్ట్రోడ్ వ్యాసార్థాన్ని బట్టి మారుతుంది. వ్యాసార్థాన్ని 10 రెట్లు తగ్గిస్తే లోహం దగ్గరి అడ్డు 100 రెట్లు పెరుగుతుంది, ద్రవం అడ్డు 10 రెట్లే పెరుగుతుంది. కాబట్టి ఎలక్ట్రోడ్ చిన్నదయ్యే కొద్దీ, దాని ఉపరితలం మీద ఏం కూర్చుందన్నదే కొలతను శాసిస్తుంది. ఈ పరికరాల్లో బాగా వాడుకలో ఉన్న చుక్క వ్యాసం 250 మైక్రోమీటర్లు, అంటే పావు మిల్లీమీటరు. దాని మీద కణాల సైజును బట్టి 50 నుంచి 100 దాకా పడతాయి. రెండో ఎలక్ట్రోడ్ దీనికంటే ఎన్నో రెట్లు పెద్దది, కాబట్టి దాని వంతు లెక్కలోకి దాదాపు రాదు.

కరెంటుకు మూడు దారులు

చుక్క మీద కణాలు పరుచుకున్నాక కరెంటు బయటపడటానికి మూడు అంచెలు ఉంటాయి. కణం అడుగుకూ బంగారానికీ మధ్య పదుల నానోమీటర్ల సన్నటి సందు ఉంటుంది, ముందు అందులో పక్కకు జారాలి. తర్వాత రెండు కణాల మధ్య అతుకులోంచి పైకి రావాలి. ఈ రెండూ వద్దనుకుంటే కణాన్నే దాటి, అంటే కింది పొర, పై పొర రెండింటినీ కెపాసిటర్లుగా వాడుకుని నేరుగా పైకి పోవాలి.

తక్కువ పౌనఃపున్యంలో పొరలు మూసిన తలుపులే, కాబట్టి కరెంటు సందుల్లోంచి పోతుంది. అప్పుడు వచ్చే అంకె కణాలు ఎంత బిగువుగా అతుక్కున్నాయో చెబుతుంది. పౌనఃపున్యం పదుల వేల హెర్ట్జ్‌లకు చేరితే పొరలే దారి ఇస్తాయి. అప్పుడు వచ్చే అంకె చుక్క ఎంతమేరకు కప్పబడిందో చెబుతుంది, అతుకులు వదులైనా బిగిసినా పెద్దగా కదలదు. ఒకే ప్లేటును పౌనఃపున్యాలు మారుస్తూ చదివితే ఈ రెండు సంగతులను విడదీయవచ్చు. గయేవర్, కీస్ 1991లో ఇచ్చిన గణిత నమూనా ఈ మూడు అంచెలనూ వేర్వేరు అంకెలుగా తీస్తుంది: కణం కింది సందు ఎంత, అతుకుల నిరోధం ఎంత, పొర కెపాసిటెన్స్ ఎంత అని.

అదే పరిశోధనలో ఇంకో మంచి విషయం బయటపడింది. బతికున్న కణాల పొర మీద ఇంపెడెన్స్ గీత ఎప్పుడూ నిశ్చలంగా ఉండదు, సన్నగా వణుకుతూ ఉంటుంది. కణాలు నానోమీటర్ల స్థాయిలో అటూ ఇటూ కదలడమే దానికి కారణం. ఫార్మాల్డిహైడ్ పోసి కణాలను బిగిసిపోయేలా చేస్తే వణుకు ఆగిపోతుంది. కొలత పేరుతో కణాల ఊపిరి వినిపించినంత పని ఇది.

ఒకే సూత్రం, వేర్వేరు పరికరాలు

ఇంపెడెన్స్ అనే పేరు కిందే బాగా తేడాలున్న కొలతలు నడుస్తున్నాయి. పాఠకులకు గందరగోళం మొదలయ్యేది ఇక్కడే.

ఎక్కువ వెల్స్‌ను, అంటే ప్లేటులో కణాలు పెంచే చిన్న గుంటలను, ఒకేసారి చదివే పరికరాల్లో చుక్కకు బదులు వెల్ అడుగున చాలా భాగం దువ్వెన పళ్లలా అల్లుకున్న బంగారు గీతలు ఉంటాయి. వీటిలో కొన్ని ఇచ్చే అంకె పేరు సెల్ ఇండెక్స్. దీనికి ఓమ్ లాంటి యూనిట్ లేదు. కణాలు లేనప్పటి విలువతో పోల్చి, ఎంత మారిందో లెక్కగట్టిన సూచిక అది. ఒకే ప్లేటులో వెల్స్‌ను పోల్చుకోవడానికి పనికొస్తుంది. వేరే పరికరం, వేరే కణజాతి ఇచ్చిన సెల్ ఇండెక్స్‌తో పోల్చడానికి పనికిరాదు.

పొరగా పెరిగే పేగు, మూత్రపిండం, రక్తనాళాల కణాలకు టీర్ అనే కొలత వాడతారు. రంధ్రాలున్న ఫిల్టర్ మీద కణాలను పెంచి, పైనొక ఎలక్ట్రోడ్, కిందొకటి పెట్టి, తక్కువ పౌనఃపున్యంలో పొర నిరోధాన్ని చూస్తారు. కణాలు లేని ఫిల్టర్ విలువను తీసేసి వైశాల్యంతో గుణిస్తారు. ఈ అంకె ఎంత జాగ్రత్తగా చదవాల్సినదో చెప్పడానికి ఎండీసీకే అనే కుక్క మూత్రపిండ కణాలు చాలు. వీటిలో ఒక రకం చదరపు సెంటీమీటరు లెక్కన వేల ఓమ్‌లు చూపిస్తుంది, రెండో రకం వంద రెండు వందల దగ్గర ఉంటుంది. రెండూ ఫిల్టర్‌ను పూర్తిగా కప్పినవే. తేడా క్లాడిన్-2 అనే అతుకు ప్రోటీన్‌లో ఉంది. అది సోడియం లాంటి చిన్న అయాన్లకు సన్నటి రంధ్రం తెరుస్తుంది. 2001లో మికియో ఫురుసే బృందం మొదటి రకం కణాల్లో ఈ ప్రోటీన్ పెట్టి చూస్తే నిరోధం ఒక్కసారిగా పడిపోయింది, కానీ పెద్ద అణువులు కారడం పెరగలేదు. అంటే టీర్ పడిపోయినంత మాత్రాన మందు అణువులు పొరను దాటిపోతున్నాయని కాదు. అది అయాన్ల రాకపోకల లెక్క.

అడుగుకు అంటుకోకుండా ద్రవంలో తేలే కణాలకు ఈ రెండూ కుదరవు. టీకాలు, ప్రోటీన్ మందులు తయారుచేసే పెద్ద ట్యాంకుల్లో రేడియో పౌనఃపున్యాల దగ్గర కెపాసిటెన్స్ కొలుస్తారు. 1980లలో వేల్స్‌లోని అబరిస్ట్విత్‌లో డగ్లస్ కెల్ బృందం చేసిన పని దీనికి బాట వేసింది. పొర చెక్కుచెదరని కణం చిన్న కెపాసిటర్‌లా చార్జి అవుతుంది. పొర చిరిగిన చచ్చిన కణం చార్జి నిలుపుకోదు, కాబట్టి అది లెక్కలోకి రాదు. బతికున్న కణాల మొత్తం ఘనపరిమాణాన్ని ట్యాంకు నడుస్తుండగానే ఇంత సూటిగా చూపించే కొలతలు చాలా తక్కువ.

గీత పెరిగితే కణాలు పెరిగినట్టేనా

కాకపోవచ్చు. ప్లేటులో కణాలు వేసిన మొదటి కొన్ని గంటల్లో గీత వేగంగా పైకి లేస్తుంది. అప్పటికి విభజన దాదాపు మొదలే కాదు. గుండ్రంగా దిగిన కణాలు అడుగుకు అంటుకుని చదునుగా పరుచుకుంటున్నాయి, అంతే. ఆ తర్వాతి పెరుగుదలలో సంఖ్య వాటా ఉంటుంది. చుక్క మొత్తం కప్పబడ్డాక కణాలు ఇంకా పెరుగుతున్నా కొన్ని రకాల్లో గీత సమతలం అవుతుంది. అతుకులు బిగుసుకునే రకాల్లో సంఖ్య ఆగిపోయినా గీత పెరుగుతూనే ఉంటుంది.

తగ్గడం కూడా అంతే. విభజన సమయంలో కణం గుండ్రంగా ముడుచుకుంటుంది. విభజన మధ్యలో కణాలను ఆపేసే మందు వేస్తే, కణాలు బతికి ఉండగానే ఇంపెడెన్స్ పడుతుంది. అడుగును వదిలి తేలిన కణం చచ్చిందో, ఊడిందో ఈ అంకెకు తెలియదు. ఇందుకు భిన్నంగా, చనిపోయి కూడా అక్కడే అతుక్కుని ఉన్న కణం కాసేపు అడ్డుగానే కనిపిస్తుంది. కాబట్టి ఇంపెడెన్స్ పడిన చోట మందు విషపూరితమని రాసేయడం తొందరపాటు. ఏ గంటలో ఏదో జరిగిందని గీత చూపిస్తుంది. ఏం జరిగిందో తేల్చడానికి ఆ గంట దగ్గర మైక్రోస్కోపో, రంగు పరీక్షో కావాలి. రెండూ కలిస్తేనే లాభం: ఫోటో ఎప్పుడు తీయాలో గీత చెబుతుంది.

కణాలతో సంబంధం లేని కారణాలూ ఉన్నాయి. ద్రవం వాహకత ఉష్ణోగ్రతతో మారుతుంది, డిగ్రీకి సుమారు 2 శాతం. ఇంక్యుబేటర్ తలుపు తీసి మందు కలిపినప్పుడు గీతలో కనిపించే గుంట చాలాసార్లు మందు వల్ల కాదు, చల్లగాలి వల్ల. ప్లేటు అంచు వెల్స్‌లో నీరు ఎక్కువగా ఆవిరై ఉప్పు గాఢత పెరుగుతుంది. ద్రవంలోని ప్రోటీన్ బంగారం మీద పేరుకుని కణాలు లేని వెల్‌లో కూడా విలువ మెల్లగా జరుగుతుంది. అందుకే మందు లేని వెల్, కణాలు లేని వెల్ రెండూ పక్కన ఉండి తీరాలి.

హాని లేదన్న మాట ఎంతవరకు నిజం

సాధారణ కొలతలో చుక్కకు పంపే కరెంటు 1 మైక్రో ఆంపియర్ స్థాయిలో ఉంటుంది. కణాల పొర మీద పడే వోల్టేజి కొన్ని మిల్లీవోల్టులే, పొరకు సహజంగా ఉండే పదుల మిల్లీవోల్టుల తేడా ముందు ఇది చిన్నది. దిశ మారుతూ ఉండే విద్యుత్తు కాబట్టి ఎలక్ట్రోడ్ దగ్గర రసాయన చర్యలు పేరుకోవు. ఈ మేరకు హాని లేదన్న మాట నిలబడుతుంది.

అయితే ఇది వోల్టేజిని బట్టి నిలబడే మాట, పరికరానికి ఉన్న గుణం కాదు. అదే చుక్కకు కొన్ని వోల్టులు కొద్ది సెకన్లు పంపితే పొరలకు చిల్లులు పడి దాని మీది కణాలన్నీ చస్తాయి. 2004లో కీస్ బృందం దీన్నే ఉపయోగంలోకి తెచ్చింది. చుక్క మీది కణాలను కావాలని చంపి, చుట్టూ ఉన్న కణాలు ఎంత వేగంగా లోపలికి పాకి ఖాళీని పూడుస్తాయో ఇంపెడెన్స్‌తోనే కొలిచారు. పిన్నుతో గీరి చేసే గాయం పరీక్షలో గాయం వెడల్పు చేతిని బట్టి మారుతుంది. ఇక్కడ గాయం సరిగ్గా చుక్క అంతే, ప్రతిసారీ అంతే.

మరో సంగతి కూడా గుర్తుపెట్టుకోవాలి. కరెంటు హాని చేయకపోయినా, చదునైన బంగారం కణానికి సొంత ఇల్లు కాదు. దాని మీద నిలవడానికి చాలా కణాలకు ఫైబ్రోనెక్టిన్ లాంటి ప్రోటీన్ పూత కావాలి. పూత మారితే కణం పరుచుకునే తీరు మారుతుంది, గీత కూడా మారుతుంది.

ఇప్పుడు ఎందుకు వార్తల్లోకి వచ్చింది

మందుల పరీక్షల్లో జంతువుల వాడకం తగ్గించే ఒత్తిడి ఒక కారణం. 2022 డిసెంబరులో అమెరికాలో ఆమోదం పొందిన ఎఫ్‌డీఏ మోడర్నైజేషన్ చట్టం 2.0, మనుషుల మీద ప్రయోగానికి ముందు జంతు పరీక్ష తప్పనిసరి అన్న నిబంధనను తీసేసింది. జంతు పరీక్షలను నిషేధించలేదు, కణాల ఆధారంగా చేసే పరీక్షలకూ తలుపు తెరిచింది. 2025 ఏప్రిల్‌లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, మోనోక్లోనల్ యాంటీబాడీలనే ప్రోటీన్ మందుల విషయంలో జంతు పరీక్షలను దశలవారీగా తగ్గించే ప్రణాళిక ప్రకటించింది. ఈ మార్పుతో, మనిషి కణాలను వారాల తరబడి ఆపకుండా గమనించే కొలతలకు విలువ పెరిగింది.

గుండె కణాల పరీక్ష మంచి ఉదాహరణ. మూలకణాల నుంచి పెంచిన మనిషి గుండె కణాలు ప్లేటులోనే లయగా కొట్టుకుంటాయి. ప్రతి సంకోచంతో కణం ఆకారం మారుతుంది, ఇంపెడెన్స్ కూడా ఆ లయలో ఊగుతుంది. దీన్ని మైక్రోఎలక్ట్రోడ్ ఆరే పరీక్షతో కలిపేయకూడదు. అక్కడ పరికరం కణం సొంత విద్యుత్ సంకేతాన్ని వింటుంది, ఇక్కడ పరికరమే కరెంటు పంపి కణం ఆకారాన్ని చదువుతుంది. బ్లెబ్బిస్టాటిన్ అనే రసాయనం వేస్తే కండరం ముడుచుకోవడం ఆగిపోతుంది, విద్యుత్ సంకేతాలు మాత్రం నడుస్తూనే ఉంటాయి. ఇంపెడెన్స్ గీత చదునై, పక్క పరికరంలో సంకేతాలు వస్తూ ఉంటే రెండూ నిజమే చెబుతున్నట్టు. గుండెకు ఒక మందు లయను చెడగొడుతోందా, బలాన్ని తగ్గిస్తోందా అన్నది విడదీయడానికి ఈ జంట కొలత చాలా విలువైనది.

క్యాన్సర్ కణాల మీదకు రోగనిరోధక కణాలను వదిలే పరీక్షల్లోనూ ఇది బాగా కుదిరింది. క్యాన్సర్ కణాలు అడుగుకు అంటుకుని ఉంటాయి, వాటి మీద దాడి చేసే టీ కణాలనే రోగనిరోధక కణాలు తేలుతూ ఉంటాయి కాబట్టి సంకేతంలో వాటి వంతు చాలా తక్కువ. గీత ఎప్పుడు వంగింది, ఎంత నిటారుగా పడింది అన్నదాన్ని బట్టి దాడి వేగం తెలుస్తుంది.

చిప్‌లో అవయవాల దగ్గరకు, అంటే అవయవం పనిని అనుకరించేలా చిన్న చిప్‌లో కణాలను పెంచే పరికరాల దగ్గరకు వచ్చేసరికి ఒక చిక్కు ఇంకా తీరలేదు. సన్నటి కాలువలో కణాలను పెంచి, రెండు చివర్ల తీగలు పెట్టి టీర్ కొలిచినప్పుడు కరెంటు పొర అంతటా సమానంగా పరుచుకోదు. ఎలక్ట్రోడ్ దగ్గర ఎక్కువగా, దూరంగా ఉన్నచోట తక్కువగా పోతుంది. మొత్తం వైశాల్యంతో గుణించే పాత లెక్క ఇక్కడ వేస్తే అవే కణాలు ఫిల్టర్ మీద ఇచ్చినదానికి ఎన్నో రెట్లు ఎక్కువ విలువ ఇచ్చినట్టు కనిపిస్తాయి. చిప్‌లోని పొర శరీరానికి దగ్గరగా, బిగువుగా తయారైందని దాన్ని చదివితే కాలువ ఆకారాన్ని కణాల గొప్పగా లెక్కేసినట్టే. కరెంటు పంపే జతను, వోల్టేజి చదివే జతను వేరు చేసిన నాలుగు ఎలక్ట్రోడ్‌ల అమరిక, కాలువ జ్యామితిని లెక్కలోకి తీసుకున్న నమూనా ఈ తప్పును చాలావరకు సరిదిద్దుతాయి. రెండు చిప్‌ల టీర్ అంకెలను పక్కపక్కన పెట్టే ముందు, ఎలక్ట్రోడ్‌లు ఎక్కడ ఉన్నాయో చూపించే బొమ్మను మొదట చూడాలి.